కత్తి పిడి మార్చే ముందు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరమూ ఈ వేదిక మీద చదువు గురించి మాట్లాడే పని మాకు అప్పజెప్పుతూ వచ్చారు. ఉర్దూ బడి పంతుళ్ళము గనుక అది సహజమే. ఈసారి మాత్రం కత్తి పిడి గురించి మాట్లాడతామని కార్యదర్శిగారితో అంటే ఆయన నవ్వేశారు. "మాస్టర్ సాబ్, స్కాలర్‌షిప్పుల గురించి చెప్పండి. కత్తి పిడి గురించి చెప్పడానికేముంది?" అన్నారు. చెప్పవలసినది ఉన్నది. అందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచకుండా ఈ సభలోనే చెప్పుకోవాలని వచ్చాము.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. పంతుళ్ళ అలవాటు పోదు కదా! కత్తిని పట్టుకొనే చోటును తెలుగులో పిడి అంటాము. పిడికిలి, పిడికెడు అన్న మాటలకు అది చుట్టం. మన ఇళ్ళల్లో దానినే దస్తా అంటాము. దస్త్ అంటే పారసీలో చెయ్యి. రెండు భాషలవాళ్ళూ ఒకరినొకరు అడగకుండానే దీనికి చేతి పేరే పెట్టారు. అంటే పిడి కత్తిలో భాగమే అయినా, అది చేతి కోసం పుట్టింది. ఈ సంగతి మరచిపోతే ఏమవుతుందో తరువాత మనవి చేస్తాము.

మన పెద్దల కాలంలో గజపతినగరం చుట్టుపక్కల ఊళ్ళలో కత్తి కొనడమంటే కమ్మరి దగ్గరకు వెళ్ళడమే. కొలిమిలో అలుగు సాగదీసి, దాని వెనుక సన్నని తోక వదిలేవాడు. కర్రకు బెజ్జం వేసి, అందులో లక్కపొడి పోసి, కాల్చిన తోకను దిగగొట్టేవాడు. లక్క కరిగి, చల్లారాక గట్టిపడి పట్టుకొనేది. కర్ర చీలకుండా మూతి దగ్గర ఇనుప పొన్ను తొడిగేవాడు. కర్ర కూడా ఏదిపడితే అది కాదు. బొబ్బిలి వీణకు పనస, ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు అన్నట్టే, పనిముట్ల పిడులకు తుమ్మవంటి గట్టి కర్రలు. ఏ పనికి ఏ కర్ర అన్నది ఆ చేతులకు తెలుసు.

డబ్బున్నవారి పిడుల సంగతి వేరు. హైదరాబాదులో 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో పచ్చరాయి పిడులున్న మొగలాయి బాకులను ఎవరైనా చూడవచ్చు. మన విశాఖపట్నం పనివారు ఏనుగుదంతాన్ని, కొమ్మును, ముళ్ళపంది ముళ్ళను పొదిగి చేసిన పెట్టెలు ఆనాడు దొరల ఇళ్ళకు వెళ్ళాయి. పొరుగున పర్లాకిమిడిలో కొమ్ముపని పేరుపడ్డది. మన దేశపు కణితి కొమ్ములు ఓడలెక్కి ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణపు కత్తులకు పిడులయ్యాయి. గరుకుగా ఉండే ఆ కొమ్ము తడి చేతిలో కూడా జారదు. అందుకే దానికంత గిరాకీ.

ఆ గిరాకీకి అడవి తట్టుకోలేకపోయింది. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1986, 1991 సవరణలతో దంతపు వ్యాపారం పూర్తిగా మూతపడింది. 1989లో ప్రపంచ దేశాలు కూడా ఏనుగుదంతం ఎగుమతి దిగుమతులను ఆపాలని నిర్ణయించాయి. కాబట్టి ఒక మాట చెప్పి ముందుకు పోతాము. మీ ఇంట్లో తాతలనాటి దంతపు పిడి గానీ, కణితి కొమ్ము పిడి గానీ ఉంటే దానిని అమ్మజూపకండి, ఎవరైనా తెస్తే కొనకండి. అనుమానముంటే అటవీశాఖవారిని అడగండి. ఇంట్లో పెంచుకొనే గేదె కొమ్ముకు ఈ ఇబ్బంది లేదు.

దంతానికి బదులు వెతకడం మాత్రం చట్టాలకన్నా ముందే మొదలయింది. అమెరికాలో 1860లలో బిలియర్డ్సు బంతుల కోసం దంతానికి బదులు వస్తువు కనిపెట్టినవారికి పదివేల డాలర్లు ఇస్తామని ఒక కంపెనీ ప్రకటించింది. జాన్ వెస్లీ హయత్ అనే అచ్చుపనివాడు ఆ వెతుకులాటలోనే సెల్యులాయిడును తయారుచేశాడు. కొంతకాలానికే అది కత్తి పిడుల్లోకి వచ్చింది. చూపుకు దంతమే, ధర తక్కువ. కాని నిప్పు తగిలితే భగ్గుమనేది, పాతబడితే ముడుచుకుపోయి పగిలేది. 1907లో లియో బేక్‌లాండ్ బేకలైటును కనిపెట్టాడు. అది వేడికి కరగదు, కాని కింద పడితే పెళుసుగా విరుగుతుంది. 1954లో ఇటలీలో జూలియో నత్తా పాలీప్రొపిలీనును సాధించాడు. నేడు మన బజారులో తెల్లగా, పచ్చగా, ఎర్రగా కనబడే కత్తి పిడుల్లో చాలావరకు ఈ జాతివే. గమనించండి, ప్రతి కొత్త పదార్థమూ పాతదాని లోపాన్ని ఒకటి తీర్చి, తన లోపాన్ని ఒకటి తెచ్చుకొన్నది.

ఇక కర్ర పిడి లోపమేమిటి? కర్ర నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అలా ఏళ్ళ తరబడి జరిగితే ఇనుముకూ కర్రకూ నడుమ సందు పడుతుంది. మాంసం కోసే కత్తి అయితే ఆ సందులోకి నెత్తురూ కొవ్వూ దిగుతాయి. లోపల తోక తుప్పుపడుతుంది. తుప్పు ఉబ్బి కర్రను చీలుస్తుంది. వాసన వస్తే గానీ మనకు తెలియదు. పోనీ మరిగే నీళ్ళలో వేద్దామా అంటే లక్క ఒప్పుకోదు. ఏటికొప్పాకలో తిరిగే కర్రకు లక్కను ఆనిస్తే రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకొంటుంది. బొమ్మకు అందాన్నిచ్చే ఆ గుణమే కత్తికి ప్రాణం మీదకు తెస్తుంది. మరిగే నీటికి లక్క మెత్తబడి పిడి వదులవుతుంది. పాలీప్రొపిలీనుకు ఆ బాధ లేదు. అది కరగడానికి సుమారు 160 డిగ్రీల వేడి కావాలి. అచ్చులో అలుగు చుట్టూ పోతపోసిన పిడి అయితే సందు కూడా ఉండదు.

ఇంకొక సౌకర్యమూ ఉన్నది. పెద్ద హోటళ్ళ వంటశాలల్లో పిడి రంగును బట్టి పని విడదీస్తారు. ఎర్రది పచ్చిమాంసానికి, నీలం చేపకు, ఆకుపచ్చ కూరగాయలకు. కోడిని కోసిన కత్తితోనే ఉల్లిపాయ తరగకుండా కాపాడే ఉపాయమది. మన దావతులలో వంట చేసేవారు ఇది నేర్చుకోదగ్గది. 2006 నాటి ఆహార భద్రత చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు కూడా ఆహారాన్ని తాకే పరికరాలు శుభ్రం చేయడానికి వీలుగా ఉండాలనే చెబుతాయి.

ఇవన్నీ చదివినవాళ్ళము గనుక మాకు నమ్మకం కుదిరింది. చదివినవాడికి నమ్మకం త్వరగా కుదురుతుంది. 2019 ఆగస్టులో బక్రీద్‌కు ముందు, ఖుర్బానీ పనికి సంఘం తరఫున కొత్త కత్తులు కొందామని పట్టుబట్టినవాళ్ళము మేమే. పాత కర్ర పిడి కత్తులు మూలన పడేయించాము. పట్నం నుండి తెల్లని ప్లాస్టిక్ పిడి కత్తులు తెప్పించాము. నున్నగా మెరుస్తూ ఉన్నాయి. పెద్దవాళ్ళు ఒకరిద్దరు చేతిలో తిప్పి చూసి, "అంత నున్నగా ఉందేమిటి బేటా?" అన్నారు. "అందుకే చాచా, మురికి పట్టదు" అన్నాము.

పండుగనాడు ముసురు పట్టింది. మా దగ్గర చదువుకొన్న కుర్రవాడొకడు, ఇప్పుడు కుట్టుపని చేసుకొంటున్నాడు, ముక్కలు చేయడానికి కూర్చున్నాడు. చేతులు తడి, పైన కొవ్వు. కత్తి మొన ఎముకకు తగిలి ఆగింది. కత్తి ఆగింది గాని చెయ్యి ఆగలేదు. నున్నని పిడి మీద నుండి జారి అలుగు మీదకు పోయింది. కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు తెగాయి.

మేము పక్కనే ఉన్నాము. పసుపు అద్ది గుడ్డ కట్టాము. నెత్తురు ఆగింది, ఇక ఫరవాలేదనుకొన్నాము. రెండు రోజుల తరువాత ఆ కుర్రవాడు వచ్చి, "సర్, వేళ్ళు మడవడం లేదు" అన్నాడు. లోపల నరం వంటి తాడు, వేలిని మడిచే స్నాయువు తెగిపోయిందని డాక్టరుగారు చెప్పారు. ఆపరేషన్ అయింది. ఉంగరపు వేలు వచ్చింది. చిటికెన వేలు ఈనాటికీ పూర్తిగా ముడవదు. కత్తెర పట్టినప్పుడల్లా ఆ వేలు విడిగా నిలబడి ఉంటుంది. వాళ్ళమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరు మంచికే తెచ్చారు మాస్టర్ సాబ్, మా నసీబు" అన్నది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నసీబు అని ఊరుకోవడానికి మాకు మనసొప్పలేదు. ఆ కత్తిని గుడ్డలో చుట్టుకొని, మాకు చిన్ననాటి నుండి తెలిసిన కమ్మరి బాబాయ్ దగ్గరకు వెళ్ళాము. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి, పిడికిలి బిగించి, వదిలి, మళ్ళీ బిగించి అన్నాడు: "మాస్టారూ, మీరు పిడి మార్సీసారు గానీ సెయ్యి మార్సలేదు కదండి!"

ఈ ఒక్క మాట కోసమే ఈ ప్రసంగం. మనం కర్రా, ప్లాస్టిక్కా అని తగవులాడుకొంటాము. తగవు అది కాదు. పాత పిడిలో రెండు విషయాలుండేవి. ఒకటి కర్ర, రెండు ఆకారం. కర్రను మార్చేటప్పుడు ఆకారంలో దాగి ఉన్న తెలివిని కూడా పారేశాము. పాత పిడి కోడిగుడ్డులా కోలగా ఉండేది. ముందు భాగంలో చెయ్యి ఆగడానికి ఎత్తు ఉండేది, వెనుక చివర లావుగా ఉండేది. మేము తెచ్చినదానికి ఇవేవీ లేవు. శుభ్రత ఒక్కటే చూశాము, చేతిని చూడలేదు.

శుభ్రత విషయంలో కూడా మా లెక్క సగమే సరి. 1990లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు కూరలు కోసే చెక్క పలకలనూ ప్లాస్టిక్ పలకలనూ పోల్చి చూశారు. కొత్త ప్లాస్టిక్ సులువుగానే శుభ్రమయింది. కాని కత్తిగాట్లు పడ్డ ప్లాస్టిక్‌ను శుభ్రం చేయడం కష్టమయింది. చెక్కలోకి ఇంకిన క్రిములు మాత్రం పైకి రాకుండా లోపలే చచ్చాయి. అది పలకల సంగతి, పిడుల సంగతి కాదు. అయినా ప్లాస్టిక్ అన్నంత మాత్రాన దానంతట అదే శుభ్రమైపోదని తెలుసుకోవడానికి చాలు. గీతలు పడి, ఎండకు పెళుసెక్కి, అతుకు విడిపోయిన ప్లాస్టిక్ పిడి కన్నా మంచి కర్ర పిడి నయం.

కాబట్టి పిడి మార్చే ముందు ఐదు పరీక్షలు చేయమని మనవి. పిల్లలూ, ఇవి మీరు కూడా గుర్తుంచుకోండి.

మొదటిది తడి పరీక్ష. అంగట్లో పొడి చేతితో పట్టి చూస్తే ప్రతి పిడీ బాగానే ఉంటుంది. ఇంటికి తెచ్చాక చెయ్యి తడిపి, ఒక చుక్క నూనె రాసుకొని, అలుగుకు మందపాటి అట్ట తొడిగి పట్టండి. జారితే దానిని మాంసం పనికి వాడవద్దు.

రెండవది అడ్డు. మొన ఎముకకు తగిలినప్పుడు చెయ్యి ముందుకు పోకుండా ఆపే ఎత్తు పిడి ముందు భాగంలో ఉండాలి.

మూడవది ఆకారం. గుండ్రని పిడి గుప్పిట్లో తిరుగుతుంది. కోలపిడి తిరగదు, చూడకుండానే పదును ఎటున్నదో చేతికి చెబుతుంది. పిడి లావు కూడా పట్టేవారి చేతికి తగినట్టుండాలి. మగవారి చేతికి చేసిన పెద్ద పిడి ఆడవారికి, కుర్రవాళ్ళకు బరువే.

నాలుగవది సందు. వెలుతురుకు ఎత్తి చూడండి. ఇనుముకూ పిడికీ నడుమ గోరు పట్టే సందుంటే నెత్తురు దిగుతుంది. సైకిల్ ట్యూబు చుట్టడం, గుడ్డ చుట్టడం, వేడిచేసిన పైపు ముక్క తొడగడం మనకు అలవాటు. పట్టు బాగానే ఉంటుంది, కాని దాని కింద మురికి కనబడకుండా పెరుగుతుంది.

ఐదవది వేడినీరు. ఆ పిడి వేడినీటికి ఆగుతుందో లేదో తెలుసుకొని కడగండి. కర్ర పిడినైతే నానబెట్టకండి. సబ్బుతో కడిగి వెంటనే తుడిచి, ఎప్పుడైనా అవిసె నూనె పల్చగా రాయండి. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది. వేరుశెనగ నూనె, కొబ్బరినూనె అలా గట్టిపడవు, పాతబడి ముక్కవాసన వేస్తాయి.

వీటితోపాటు పదును. జంతువుకు బాధ కలగకుండా కత్తిని బాగా పదును పెట్టుకోవాలని మన దీన్ నేర్పిన సంగతి మీకు తెలిసినదే. పదును జంతువుకే కాదు, మనిషికీ మేలు. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి. బలం ఎక్కువైనచోట జారితే గాయమూ ఎక్కువే.

గాయమైతే ఏం చేయాలో కూడా చెప్పాలి. అది మేము చేయనిది గనుక చెప్పే అర్హత ఉందనుకొంటున్నాము. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, చేతిని పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి వేయకండి. వేలు మడవలేకపోయినా, స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. నెత్తురు ఆగిందని ఆగిపోవద్దు. ధనుర్వాతం సూది సంగతి డాక్టరును అడగండి.

ఇక మిగిలింది మా బాబాయ్ సంగతి. మనం ప్లాస్టిక్ పిడి కత్తి కొంటే పిడి విరిగిననాడు కత్తి మొత్తం చెత్తలోకి పోతుంది. ఆయన చేసిన అలుగుకు మూడు పిడులు మారినా అలుగు పనిచేస్తూనే ఉంటుంది. కాని ఆయన దగ్గరకు వెళ్ళేవారు తగ్గిపోయారు. "నా తరవాత ఈ కొలిమి ఆరిపోద్దండి" అన్నాడు, కోపం లేకుండా. అప్పుడు మేము అడిగాము: "బాబాయ్, కొత్త వస్తువుతో పాత ఆకారం చేయగలవా?" అని.

చేశాడు. పాతబడిన తెల్లని ప్లాస్టిక్ కోత పలకను రంపంతో కోసి రెండు చెక్కలు తీశాడు. అలుగు తోకను పిడి పొడుగునా వెడల్పుగా సాగదీసి, అటొకటి ఇటొకటి పెట్టాడు. ఈ ప్లాస్టిక్‌ను జిగురు పట్టదు. మొదట ఇత్తడి రివిట్లు కొట్టాడు. తరువాత ఆయనకే ఆలోచన వచ్చి, రివిట్లకు బదులు స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించాడు. విప్పి, లోపల కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించుకోవచ్చు. ముందు అడ్డు నిలిపాడు. పిడి మీద ఆకురాయితో అడ్డగీతలు గీసి గరుకు చేశాడు. చూడడానికి బజారు కత్తి అంత అందంగా ఉండదు. నూనె చేతితో పట్టినా జారలేదు. గీతల్లో మురికి చేరకుండా బ్రష్షుతో కడగాలి, ఆ శ్రమ ఉంది. లోపం లేని పిడి లేదని ముందే చెప్పుకొన్నాము కదా.

ఆ కత్తిని కుర్రవాడి చేతికిచ్చాము. వాడు ఎడమచేత్తో అందుకొని, కుడిచేతిలోకి మార్చుకొని, ముడవని ఆ వేలిని అడ్డు వెనుక ఆనించి చూశాడు. "ఇది ఆగుతుంది సర్" అన్నాడు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు మాకు అక్కరలేదు.

కాబట్టి సంఘానికి మూడు మనవులు. వచ్చే బక్రీద్‌కు పదిహేను రోజుల ముందు ఒక ఆదివారం అందరూ తమ కత్తులు ఇక్కడికి తేవాలి. పిడులు చూసి, వదులైనవి, సందు పడ్డవి విడిగా తీయాలి. రెండు, వాటికి కొత్త పిడులు వేయించే పని మన ఊరి కమ్మరికి, వడ్రంగికి ఇవ్వాలి. ఖర్చులో సగం సంఘం భరించాలి. మూడు, కొలిమి దగ్గర కూర్చొని ఈ పని నేర్చుకోవడానికి మన కుర్రవాళ్ళను ఇద్దరిని పంపాలి. మొదటి కత్తికి అయ్యే ఖర్చు మేము ఇస్తున్నాము. అది దానం కాదు, బాకీ.

కొత్తదాన్ని వద్దనడం మా ఉద్దేశం కాదు. బడిలో మేమూ నల్లబల్ల వదిలి తెల్లబల్లకు వచ్చాము. అయితే దేనినైనా మార్చే ముందు, దానిని రోజూ పట్టుకొనే చేతిని ఒకసారి అడగాలి. చాచా మాట ఆనాడే విని ఉంటే ఈ ప్రసంగం అవసరమే ఉండేది కాదు.

 అల్లాహ్ మన అందరి చేతులనూ, చేతి పనులనూ చల్లగా కాపాడుగాక. ఆమీన్.